పద్నాలుగో షరతు

పింగాణీ ఫ్యాక్టరీలో అందరూ ఆమెను రంగులక్క అనేవారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉండేది, అక్కడే ఉండిపోయింది. ఇరవై రెండేళ్లుగా కప్పులకూ సాసర్లకూ పళ్లాలకూ వేసే పూతలన్నీ ఆమే కలిపేది. కలపడమంటే కూరలో ఉప్పు వేసినట్టు కాదు. పచ్చి పూత బకెట్టులో ఒక రంగు, బట్టీలో కాలి బయటికొచ్చాక ఇంకో రంగు. చూడ్డానికి అంట్లు కడిగిన నీళ్లలా ఉన్నదే కాలేసరికి కళ్లు చెదిరే నీలమవుతుంది. అలా కాబోయేదాన్ని ముందే చూడగల కళ్లు ఫ్యాక్టరీ మొత్తానికి రెండే ఉన్నాయి. ఆ రెండూ రంగులక్క మొహం మీదే ఉన్నాయి.

ఇన్నేళ్లూ ఆమెకు కాగితమంటూ ఏదీ లేదు. పాత యజమాని నోటిమాట మనిషి. "నువ్వున్నంత కాలం ఆ గది నీది" అనేవాడు, ఆ గదిలోకి తనే తలుపు తట్టి వచ్చేవాడు. ఆయన ముసలివాడై ఫ్యాక్టరీ అమ్మేశాడు. కొనుక్కున్న కంపెనీ వాళ్లు అలా కాదు. వాళ్లకు తుమ్మినా సంతకం కావాలి. వచ్చిన మూడో వారంలోనే ప్రతివాళ్లకూ ఒక కాంట్రాక్టు ముసాయిదా చేతిలో పెట్టారు. మిగతావాళ్లవి రెండేసి పేజీలు. రంగులక్కది పదకొండు. మనిషిని బట్టే కదా కాగితం అనుకుని ఆమె ఆ సాయంత్రం కాస్త మురిసిపోయింది కూడా.

ఆ మురిపెం మీద నీళ్లు చల్లింది కోడలు. అక్షరాలు మరీ చిన్నవని అత్తగారు కాగితాలు ఆ పిల్లకే ఇచ్చింది. పిల్ల గోడకానుకుని గడగడా చదువుకుంటూ పోయి, ఒకచోట బండికి బ్రేకు వేసినట్టు ఆగింది.

"అత్తయ్యా, ఈ పద్నాలుగోది వినండి. 'పూతలు, రంగులకు సంబంధించి ఉద్యోగికి తెలిసిన, ఇకపై తెలియబోవు సమస్త పరిజ్ఞానము, ఎప్పుడు, ఎక్కడ తయారుచేసినదైనను, కంపెనీ సొంతమగును. సదరు పరిజ్ఞానమును ఉద్యోగి మరెవ్వరికీ తెలుపరాదు, నేర్పరాదు, స్వంతముగా వినియోగింపరాదు.' ఎక్కడైనా అంటే మన పెరట్లోది కూడానా?"

పెరట్లో ఒక చిన్న బట్టీ ఉంది. రంగులక్క భర్త బతికుండగా ఇటుక మీద ఇటుక పేర్చి కట్టిపెట్టాడు. ఆదివారాలు ఆమె అందులో తనకోసం గిన్నెలు కాల్చుకునేది. ఆయన పోయాక ఆరేళ్లలో అది ఇంకా ఎక్కువ కాలింది. కొడుకు లారీ నడుపుతాడు, వారంలో రెండు రోజులు ఇంట్లో కనిపిస్తే గొప్ప. కోడలు ఊరికే కూర్చోలేక బట్టీ దగ్గరికొచ్చి కబుర్లు మొదలుపెట్టింది, ఆ కబుర్లలోనే ఒకరోజు, "ఇది నిన్నటి నీలం కాదు కదూ, ఇందులో కొంచెం దిగులుంది" అంది. రంగులక్క చేతిలో పని ఆపి కోడలి మొహంలోకి చూసింది. ఇరవై రెండేళ్లలో ఆ తేడా కనిపెట్టిన రెండో మనిషి. ఆ రోజు నుంచి ఆదివారాలు పాఠాలయ్యాయి.

"దీని సంగతి మీ చిన్న మావయ్య చూసుకుంటాడులే" అంది రంగులక్క కాగితాలు తీసుకుని.

చిన్న మావయ్యంటే ఆమె తమ్ముడు. లాయరు. ఆమెకు తొమ్మిదేళ్లు చిన్న. తల్లి పోయాక ఎత్తుకు తిప్పింది ఆమే. లా చదివిన మూడేళ్లూ అక్క ఇంట్లోనే ఉన్నాడు. పరీక్షల ముందు పాఠాలు గట్టిగా అప్పజెప్పేవాడు, అక్క వినాలి. ఆమెకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, కానీ గొంతు తడబడిన చోట, "అక్కడేదో మింగావురా" అనేది. పుస్తకం తీసి చూస్తే నిజంగానే మింగి ఉండేవాడు. నల్లకోటు వేసుకుని మొదటిసారి గుమ్మంలో నిలబడితే, "ఈ నలుపులో ఎరుపు తగిలిందిరా, రెండు ఉతుకులకి బయటపడుతుంది" అని, అటు తిరిగి కళ్లు తుడుచుకుంది. వాణ్ని ఆమె నెత్తిన పెట్టుకుంది అంటే తక్కువే. వాడు వచ్చాడంటే ఇంట్లో మంచి కుర్చీ ఖాళీ అయ్యేది.

తమ్ముడు వచ్చి మంచి కుర్చీలో కూర్చుని పదకొండు పేజీలూ చదివాడు. పెన్సిలుతో అక్కడక్కడా గీతలు పెట్టాడు.

"నువ్వు ఫ్యాక్టరీలో ఎవరితోనూ ఏమీ మాట్లాడకక్కా. ఎవరడిగినా మా తమ్ముడితో మాట్లాడుకోండి అను. బేరమంటే ఒక పద్ధతుంది. పది అడగాలి. అందులో ఏడు మనం వదులుకోవడానికే పెట్టాలి. ఏడు గెలిచామని వాళ్లు సంబరపడతారు, మనకి కావలసిన మూడూ మన ఒళ్లో పడతాయి."

"అయితే వీపు ఆనించుకునే కుర్చీ రాయి. ఇరవై రెండేళ్లు స్టూలు మీదే కూర్చున్నాను. కిటికీకి మంచి అద్దం కావాలి, ఇప్పుడున్నది పచ్చగా ఉంది, వెలుతురు పాడుచేస్తోంది. నేను లేనప్పుడు నా గదికి తాళం. నా గరిటెలు ఎవరూ ముట్టుకోకూడదని కూడా రాయి."

"రాస్తాను. కుర్చీ వదులుకోవడానికి పెడదాం."

"కుర్చీ వదలనురా!"

"సరే, గరిటెలు వదులుకుందాం."

"గరిటెలు అసలే వదలను."

కోడలు పక్కగదిలోంచి పకపకా నవ్వింది. అలా వదులుకోవాల్సిన ఏడింటిలో ఆరు వదలకూడనివైపోయాయి. తమ్ముడు తల పట్టుకుని, ఆఖరికి తనూ నవ్వాడు. తర్వాత కోడలు టీ పెట్టడానికి వెళ్లినప్పుడు కుర్చీ ముందుకు జరుపుకుని గొంతు తగ్గించాడు.

"ఇక అసలు సంగతి చెప్పు. ఏది పోతే నువ్వు సంతకం పెట్టవు?"

"పద్నాలుగు."

"అది ప్రతి కంపెనీ పెట్టుకునేదే అక్కా. నీ ఆదివారం గిన్నెల కోసం ఇంత పట్టుదలా?"

రంగులక్క వంటగది వైపు ఒకసారి చూసింది. "ఇందులో ఎక్కడైనా కళ్ల పరీక్ష అని ఉందా?"

"లేదు. ఎందుకు?"

"ఊరికే."

"ఊరికే అడిగే మనిషివి కాదు నువ్వు. నా దగ్గర దాస్తే రేపు వాళ్ల ముందు నేను వెర్రిమొహం వేసుకుని కూర్చోవాలి. ఏమైంది?"

అప్పుడు చెప్పింది. మూడు నెలల కిందట కళ్ల డాక్టరు దగ్గరికి ఒక్కతే వెళ్లింది. కంటి వెనక పొరేదో పలచబడుతోందట, మందు లేదట. రెండేళ్లో మూడేళ్లో. ముందు నీలానికీ ఆకుపచ్చకీ తేడా పోతుందట, తర్వాత తక్కినవి.

"ఇంకెవరికి తెలుసు?"

"డాక్టరుకి, నాకు. ఇప్పుడు నీకు. అబ్బాయికి చెప్పలేదు, దిగులు పెట్టుకుని లారీ నడుపుతాడు. నాకు భయం లేదురా. కళ్లు పోయినా కొలతలు నోట్లో ఉంటాయి. పిల్ల చూసి చెబుతుంది, నేను ఎంత వెయ్యాలో చెబుతాను. ఫ్యాక్టరీ నన్ను పొమ్మన్నాక నాకూ దానికీ ఉండేది ఆ పెరటి బట్టీయే. ఈ పద్నాలుగు ఉంటే, దానికి నేర్పినందుకు నన్ను కోర్టుకి లాగుతారు. అందుకని అది తీయించు. తక్కినవి నీ ఇష్టం. కుర్చీ కూడా వదిలెయ్."

తమ్ముడు అక్క చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "నేనుండగా నీకెందుకక్కా ఆ బెంగ" అన్నాడు. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. అవి దొంగ నీళ్లని ఈ కథ చెప్పేవాళ్లు కూడా అనలేరు. ఆ నిమిషానికి అవి నిజమే అయి ఉంటాయి. మనుషులతో వచ్చిన చిక్కే అది.

ఇక ముసాయిదా అటూ ఇటూ తిరగడం మొదలైంది. కంపెనీకి ఒక లాయరమ్మ ఉంది, పట్నంలో ఆఫీసు. ఆమె రాస్తే తమ్ముడు దిద్దేవాడు, తమ్ముడు దిద్దితే ఆమె మళ్లీ దిద్దేది. వారం తిరగకుండా కుర్చీ ఒప్పుకున్నారు. ఆ తర్వాత కిటికీ అద్దం ఒప్పుకున్నారు. గరిటెల మీద ఒక షరతే రాశారని తెలిసి రంగులక్క గదిలో ఒక్కతే నవ్వుకుంది. కాంట్రాక్టు గడువు మూడేళ్లన్నారు. అప్పట్లో కొత్త మేనేజరు రోజుకొకసారి ఆమె గదికి వచ్చేవాడు, తలుపు దగ్గరే నిలబడి, "అంతా సౌకర్యంగా ఉందా అమ్మా, మీరు మమ్మల్ని వదిలి వెళ్లరు కదా" అనేవాడు. వచ్చే నెల పెద్ద సరుకు పంపాలి, మొత్తం నీలమే. అతని భయం అతనిది.

తర్వాత ఏం జరిగిందో గాని మేనేజరు రావడం మానేశాడు. ఒకరోజు వసారాలో ఎదురుపడితే ఆమె కళ్లలోకి అదోరకంగా చూసి, తల ఊపి వెళ్లిపోయాడు. పని ఒత్తిడేమో అనుకుంది రంగులక్క.

తమ్ముడి ఫోన్లు కూడా పొట్టివయ్యాయి. "అన్నీ అయ్యాయక్కా. పద్నాలుగు దగ్గర మాత్రం బండరాయిలా కూర్చున్నారు."

"నేను వేరే చోటికి పోతానని చెప్పావా?"

"చెప్పాను. భయపడాలి కదా మరి. పడటం లేదు."

ఎందుకు పడటం లేదన్నది ఆమె అడగలేదు. అడిగి ఉండాల్సింది. కానీ పక్కన కూర్చుని గొంతు వింటే దొరికిపోయే తమ్ముడు ఫోన్లో దొరకడు.

నాలుగో వారం మధ్యలో ఫోనుకి ఫైలొకటి పంపాడు. ఇదే ఆఖరిది, ఒకసారి చూసుకో, రేపు పదకొండింటికి వాళ్ల ఆఫీసులో సంతకాలు, నేనే వచ్చి తీసుకెళతాను అని రాశాడు. ఫోన్లో ఆ అక్షరాలు ఆమెకు చీమల బారులా కనిపించాయి. మధ్యాహ్నం సెలవు పెట్టి, బజారు మలుపులో ఉన్న జిరాక్సు షాపుకి వెళ్లింది. షాపాయన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని కంప్యూటర్లో ఫైలు తెరిచాడు.

"అక్షరాలు బాగా పెద్దవి చేసి వెయ్యండి బాబూ."

"వేస్తానమ్మా. పక్కన గళ్లలో ఎవరో ఏదో రాసుకున్నారు, రంగు గీతలు కూడా ఉన్నాయి. అవన్నీ తీసేసి వెయ్యనా?"

"తియ్యడమెందుకు? ఉన్నదంతా వెయ్యండి."

లాయర్ల పని తీరు అది. ఇద్దరూ ఒకే ఫైలు మీద పనిచేస్తారు. కొట్టేసింది ఒక రంగులో, చేర్చింది ఇంకో రంగులో ఉంటుంది. ఒకరికొకరు చెప్పుకోవలసిన మాటలు పక్క గళ్లలో రాసుకుంటారు. బయటివాళ్లకు పంపేముందు ఆ గళ్లన్నీ తుడిచి, శుభ్రమైన ప్రతి పంపుతారు. తమ్ముడి దగ్గర రెండు ఫైళ్లూ ఉన్నాయి, పేర్లు ఒకేలా ఉన్నాయి. తొందరలో ఒకటి పంపబోయి ఇంకోటి పంపాడు.

షాపు ముందున్న బల్ల మీద ఎండలో కూర్చుని, సంచిలోంచి భూతద్దం తీసి రంగులక్క చదవడం మొదలుపెట్టింది. ప్రతి గడి మీదా రాసినవాళ్ల పేరుంది. తమ్ముడి పేరు చూడగానే ఆమెకు ముచ్చటేసింది. ఎంత శ్రమపడ్డాడో పిచ్చినాయన అనుకుంది. కుర్చీ షరతు పక్కన వాడు, "ఇవ్వండి, సంతోషిస్తారు" అని రాశాడు. ఆమె నవ్వు అక్కడ కొంచెం సన్నబడింది. ఇది తన తరపున అడుగుతున్నట్టు లేదు, చంటిపిల్లకి బిస్కెట్టు ఇవ్వమన్నట్టుంది. పేజీలు తిప్పి పద్నాలుగుకి వచ్చింది.

మొదటి గడి లాయరమ్మది. "ఈ షరతు సడలించడానికి మా వాళ్లు సిద్ధంగా ఉన్నారు. ఆమె వెళ్లిపోతారేమోనని మేనేజరుగారి ఆందోళన. ఇంటి దగ్గర చేసేవాటిని మినహాయిస్తే సరిపోతుందా?"

దాని కింద తమ్ముడు. "సడలించనక్కర్లేదు. ఆవిడకి కంటి జబ్బు ఉంది. రెండు మూడేళ్లలో రంగుల తేడా తెలియదు. బయట ఎక్కడా పని దొరకదని ఆవిడకే తెలుసు. మీరు గట్టిగా ఉండండి. సంతకం పెట్టించే పూచీ నాది."

దాని కిందే ఇంకొకటి, మళ్లీ తమ్ముడిదే. "మిగతా కార్మికులందరి కాంట్రాక్టుల పని నాకు అప్పగించే విషయం మేనేజరుగారికి ఒకసారి గుర్తుచేయగలరు."

లాయరమ్మ జవాబు ఒక్క మాట. "చూశాను."

రంగులక్క భూతద్దం పక్కన పెట్టి కళ్లు తుడుచుకుంది, మళ్లీ పెట్టుకుని మళ్లీ చదివింది. కళ్లు మోసం చేశాయేమోనని ఆమె ఆశ. జీవితంలో మొదటిసారి తన చూపు పాడైపోయి ఉంటే బాగుండునని కోరుకుంది. అక్షరాలు మారలేదు. వాళ్లు ఇస్తామంటే వీడు వద్దన్నాడు. పరాయివాళ్లు చెయ్యి చాపితే సొంతవాడు ఆ చేతిని వెనక్కి తోశాడు. తన వంటింటి పక్కన, తన చెయ్యి పట్టుకుని విన్న మాటని తీసుకెళ్లి, ఆ ఆఫీసులో బల్ల మీద పెట్టాడు. అక్క అని కూడా రాయలేదు, ఆవిడ అని రాశాడు.

"కళ్లు తిరుగుతున్నాయా అమ్మా? నీళ్లివ్వనా?" అన్నాడు షాపాయన.

"లేదు బాబూ. అక్షరాలు బాగా వేశావు. అన్నీ కనిపిస్తున్నాయి."

ఇంటికొచ్చి కాగితాలు కోడలి ముందు పెట్టింది. ఆ పిల్ల నిలబడే చదివింది. చదువుతుంటే మొహం కందగడ్డలా ఎర్రబడింది.

"ఇదేం మనిషండీ! ఆయన వస్తే మీరు మంచి కుర్చీ వేస్తారు, ఆయనేమో మీ కింద కుర్చీ లాగేశాడు. ఫోను ఇలా ఇవ్వండి, నేను కడిగేస్తాను."

"వద్దు. ఫోన్లో కడిగితే ఫోన్లోనే ఏడుస్తాడు. వాడు ఏడిస్తే నేను కరిగిపోతాను. నా సంగతి నాకు తెలుసు." తల దించుకుని అంది. "నీకు నా కళ్ల సంగతి చెప్పలేదని కోపమొచ్చిందా?"

కోడలు కాగితాలు మడిచి పక్కన పెట్టింది. "నాకు తెలుసు అత్తయ్యా. మొన్న వేసవిలో ఆకుపచ్చ గిన్నెని నీలం గిన్నెల్లో పెట్టారు. నేను మెల్లిగా తీసి ఇటు పెట్టాను. మీరు చూడలేదు. అప్పట్నుంచీ మీ వెనకాలే ఒకసారి చూసుకుంటున్నాను."

"ఎవరికైనా చెప్పావా?"

"మీ అబ్బాయికే చెప్పలేదు. మీరు చెప్పని మాట నేనెలా చెబుతాను?"

అంతవరకూ ఏడవని రంగులక్క అప్పుడు ఏడ్చింది. నాలుగేళ్ల కిందట ఇంట్లోకొచ్చిన పిల్ల నోరు కట్టుకుంది, తను నలభై ఏళ్లు మోసినవాడు నోరు విప్పాడు. ఇందులో న్యాయమేమిటో ఆమెకు ఎంత వెతికినా దొరకలేదు. కోడలు పక్కనే కూర్చుంది గాని ఊరుకోమని అనలేదు.

మర్నాడు పదింటికి తమ్ముడు కారు తెచ్చాడు. మంచి చొక్కా వేసుకున్నాడు. కోడలు గుమ్మంలోంచి చూసి, పలకరించకుండా లోపలికి పోయింది.

"అమ్మాయికేంటి, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది."

"ఫైలు చూశావా?"

"చదివాను."

"మొత్తమా?" అన్నాడు నవ్వుతూ. "నువ్వు పదకొండు పేజీలూ చదివావంటే లా పట్టా ఇచ్చెయ్యచ్చు."

ఆమె కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చుంది. దారిలో వాడే మాట్లాడాడు. పద్నాలుగుని పట్టుకుని వేళ్లాడితే తక్కినవీ పోతాయన్నాడు. కాగితం మీద ఏమున్నా పెరట్లోకొచ్చి చూసేదెవరన్నాడు. ఆ బట్టీ వల్ల నీకు ఒళ్లు నొప్పులు తప్ప ఏముంది, ఇక విశ్రాంతి తీసుకోవాలక్కా అన్నాడు. గొంతులో ఎక్కడా తడబాటు లేదు. వాడు ఈ పాఠం బాగా చదువుకున్నాడని రంగులక్కకు అర్థమైంది, అది అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది.

కంపెనీ ఆఫీసులో గాజు గోడల గది. పొడవాటి బల్లకు అటు మేనేజరు, లాయరమ్మ. ఇటు అక్కా తమ్ముడూ. బల్ల మీద రెండు ప్రతులు, రెండు నీళ్ల సీసాలు. లాయరమ్మకు యాభై ఏళ్లుంటాయి, పొట్టి జుట్టు, మాటలు తూచి మాట్లాడే మనిషి.

తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. "మా అక్కతో అన్నీ వివరంగా మాట్లాడాను. పద్నాలుగో షరతు విషయంలో ఆవిడ..."

"ఒక్క నిమిషం ఆగు" అంది రంగులక్క. సంచిలోంచి తన కాగితాలు తీసి, పద్నాలుగున్న పేజీని బల్ల మధ్యకు తోసింది. పెద్ద పెద్ద అక్షరాలు, పక్కన గళ్లు. బల్లకు అటువైపు నుంచి కూడా చదవచ్చు.

లాయరమ్మ ముందు చూసింది. చూసి, పెదవులు బిగించి తల వంచుకుంది. మేనేజరు నీళ్ల సీసా మూత తిప్పుతూ ఉండిపోయాడు. తమ్ముడు మాత్రం ఆ పేజీని చాలాసేపు చూశాడు.

"అక్కా, అది... బేరంలో ఒక ఎత్తు అక్కా. నీకు తెలియదు. నీ మంచికే..."

"మింగకు" అంది ఆమె. "చెప్పేదేదో సరిగ్గా చెప్పు. లేకపోతే ఊరుకో."

ఊరుకున్నాడు.

ఆమె లాయరమ్మ వైపు తిరిగింది. "నాకు చట్టం రాదమ్మా. ఒక్క సంగతి అడుగుతాను. నా కళ్లు పోతున్నాయి, నన్నింకెవరూ పెట్టుకోరని మీకు తెలిసింది. నిజమే. అలాంటప్పుడు నేను ఈ రంగులు ఎవరికి పట్టుకెళ్లి ఇస్తానని ఈ షరతు? పోనీ, నేనింకా పనికొస్తాను, ఎవరైనా తీసుకుపోతారని మీ భయం అనుకుందాం. అప్పుడు పనికొచ్చే మనిషితో మాట్లాడినట్టు మాట్లాడండి. రెండిట్లో ఏదో ఒకటి ఒప్పుకోండి. నేను పనికిరానిదాన్నీ కావాలి, నా పనితనమంతా మీదీ కావాలంటే ఎలా? ఇది తియ్యకపోతే నేను ఇంటికి పోతాను. వచ్చే నెల సరుకు ఎవరు కలుపుతారో మీరు చూసుకోండి."

మేనేజరు లాయరమ్మను చూశాడు. ఇద్దరూ లేచి గాజు గోడ అవతలకు వెళ్లారు. మాటలు వినపడటం లేదు, చేతులు కదలడం మాత్రం కనిపిస్తోంది.

గదిలో ఇద్దరే మిగిలారు. తమ్ముడు బల్లకేసి చూస్తూ అన్నాడు, "రెండొందల మంది కాంట్రాక్టులక్కా. ఎన్నాళ్లని కోర్టు వరండాలో చెట్టు కింద కూర్చోను? నాకూ ఒక ఆఫీసు ఉండాలి కదా. నీకు పెద్దగా నష్టం లేదనుకున్నాను. నీ పేరు చెప్పుకుని పైకొస్తే నువ్వు సంతోషించవా?"

"అడగాల్సింది" అంది రంగులక్క. "ఆ గడిలో రాసేముందు నన్నడగాల్సింది. అక్కా, నీ కళ్లు ఇస్తావా, ఆఫీసు పెట్టుకుంటాను అని. ఏమో, నేను ఇచ్చేదాన్నేమో."

వాడు మొహం చేతుల్లో దాచుకున్నాడు. ఆమె చెయ్యి అలవాటు కొద్దీ వాడి భుజం వైపు కదిలింది. దాన్ని తనే వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

వాళ్లు తిరిగొచ్చి కూర్చున్నారు. మేనేజరు చెప్పాడు. ఫ్యాక్టరీలో కలిపినవి కంపెనీవి. ఇంట్లో చేసుకునేవి ఆమెవి, ఎవరికి నేర్పుకున్నా అభ్యంతరం లేదు. పద్నాలుగు కొట్టేసి ఆ ముక్క రాస్తారు. కానీ మూడేళ్ల గడువు ఇక ఇవ్వలేరు. ఒక ఏడాది. ఆ తర్వాత కళ్ల పరీక్ష, దాన్ని బట్టి.

"మూడేళ్లు నేను అడుగుతాను. అక్కా, నన్ను మాట్లాడనీ" అన్నాడు తమ్ముడు తలెత్తి.

"నువ్వు మాట్లాడింది చదివాను" అంది ఆమె.

కొన్ని వారాల కిందట అడగకుండానే వచ్చిన మూడేళ్లు అలా ఒకటైపోయాయి. ఒకసారి బయటపడ్డ నిజాన్ని ఏ లాయరూ మళ్లీ లోపల పెట్టలేడని ఆమెకు తెలుసు. అయినా బట్టీ మిగిలింది. పిల్ల మిగిలింది. ఏడాదిలో నేర్పగలిగినంత నేర్పాలి. సరేనంది.

లాయరమ్మ రెండు ప్రతుల్లోనూ పద్నాలుగు మీద అడ్డంగా గీత గీసి, పక్కన కొత్త వాక్యం చేత్తో రాసి, రంగులక్కకు చదివి వినిపించింది. రంగులక్క భూతద్దం పెట్టి తను కూడా చదువుకుంది, ఒకటికి రెండుసార్లు. గీత పక్కన పొట్టి సంతకాలు పెట్టారు, చివరి పేజీలో పూర్తి సంతకాలు. అడుగున సాక్షుల గీతలు రెండున్నాయి. కంపెనీ వైపు గీత మీద ఆఫీసు గుమాస్తా వచ్చి సంతకం పెట్టి వెళ్లాడు. ఉద్యోగి వైపు గీత ఖాళీగా ఉంది. తమ్ముడు జేబులోంచి పెన్ను తీసి మూత విప్పాడు.

రంగులక్క కాగితాన్ని వాడి ముందు నుంచి జరిపి లాయరమ్మ ముందు పెట్టింది.

"మీరు పెట్టండమ్మా."

లాయరమ్మ తడబడింది. "నేను కంపెనీ మనిషినమ్మా. మీ వైపు సాక్షిగా మీ మనిషి ఉండాలి."

"మీరెవరి మనిషో నాకు మొదటి రోజు నుంచీ తెలుసు" అంది రంగులక్క. "ఈ గదిలో నాకు అలా తెలిసింది మీ ఒక్కరి సంగతే. పెట్టండి."

లాయరమ్మ ఎవరి వైపూ చూడకుండా సంతకం పెట్టింది. తమ్ముడు విప్పిన పెన్ను అలాగే పట్టుకుని కూర్చున్నాడు. రంగులక్క తన ప్రతి మడిచి సంచిలో పెట్టుకుని లేచి, ఇక్కడ్నుంచి మా ఫ్యాక్టరీ వైపు వెళ్లే బస్సు ఎక్కడ ఆగుతుందని మేనేజరుని అడిగింది.